బలమెవ్వరిది? – హిరణ్యకశిపుని ప్రశ్న, ప్రహ్లాదుని ఉత్తరం

శ్రీ లక్ష్మీనరసింహ పరబ్రహ్మణే నమః



కృష్ణా మూసీ నదుల సంగమస్థలమైన వాడపల్లి క్షేత్రం మన దామరచర్ల మండలానికి శిరోభూషణం వంటిది. ఒకే ఊరిలో ఇటు మీనాక్షీ అగస్త్యేశ్వరుడు, అటు లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉండటం ఈ ప్రాంతవాసుల పూర్వపుణ్యఫలం. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, భాగ్యనగరం మధ్యగా ప్రవహించి, నవాబుల కోటలను చూసి, ఆ రాజధాని మాలిన్యమంతా మోసుకొని వచ్చి ఇక్కడ కృష్ణమ్మ ఒడిలో చేరుతుంది. అధికారపీఠాల పక్కగా ప్రవహించి వచ్చిన నీటికి కడపటి మజిలీ నరసింహుని సన్నిధి కావడం మాకు యాదృచ్ఛికంగా తోచదు. మేము ఈ సాయంకాలం విచారింపబోయే విషయం కూడా అధికారమే. శక్తి అంటే ఏమిటి, మానవసంకల్పానికి హద్దు ఉన్నదా, మనం ధర్మమని నమ్మే విలువలు ఎక్కడినుండి వచ్చాయి అన్న మూడు ప్రశ్నలు నిజానికి ఒకే ప్రశ్నకు మూడు ముఖాలు.

ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉన్నది. కళాశాలల్లో చదువుకుంటున్న మన పిల్లలు మమ్మల్ని తరచుగా ఒక మాట అడుగుతుంటారు. “స్వామీ, వినయం, ఓర్పు, క్షమ అని మీరు చెప్పేవన్నీ బలహీనుడు తన బలహీనతకు తొడిగిన అందమైన పేర్లు కావా? బలవంతుడు ఏనాడైనా వీటిని పాటించాడా?” అని. ప్రశ్న సూటిగా ఉన్నది. దీనిని నాస్తికప్రలాపమని కొట్టిపారవేసి పిల్లవానిని మందలించి పంపడం సులభమే. కాని అట్లా పంపిన పిల్లవాడు మళ్లీ గుడిమెట్లు ఎక్కడు. పైగా అతని ప్రశ్నలో సత్యాంశం ఉన్నది. దానిని ఒప్పుకున్న తరువాతనే మనకు సమాధానం చెప్పే అర్హత కలుగుతుంది.

ఈ ప్రశ్నను నూటనలభై ఏళ్ల క్రితం అత్యంత తీవ్రంగా అడిగినవాడు జర్మనీ దేశపు తత్త్వవేత్త ఫ్రీడ్రిష్ నీషే. ఈయన 1844లో ఒక క్రైస్తవమతాచార్యుని ఇంట జన్మించాడు. ఐదేళ్లు నిండకముందే తండ్రి గతించాడు. ఇరువదినాలుగేళ్లకే స్విట్జర్లాండులోని బాసెల్ విశ్వవిద్యాలయంలో ప్రాచీనభాషలకు ఆచార్యుడైనాడంటే ఎంతటి మేధావియో ఊహించవచ్చు. అనారోగ్యంతో 1879లో ఉద్యోగం విడిచి, పదేళ్లపాటు ఊరూరా తిరుగుతూ, కంటిచూపు మందగించి, తీవ్రమైన తలనొప్పులతో బాధపడుతూ గ్రంథాలు వ్రాశాడు. 1889 జనవరిలో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో మతి చలించి, ఆపై పదకొండేళ్లు ఆ స్థితిలోనే జీవించి 1900లో కన్నుమూశాడు.

ఆయన చెప్పినదేమిటి? ప్రాణి కేవలం బ్రతకాలని మాత్రమే కోరదు, విస్తరించాలని, పైకి రావాలని, తన శక్తిని వెలిబుచ్చాలని కోరుతుంది. దీనికి ఆయన శక్తిసంకల్పమని పేరు పెట్టాడు. ఇక నీతివిలువల విషయానికి వస్తే, అవి ఆకాశంనుండి ఊడిపడలేదని, వాటికీ ఒక పుట్టుక, ఒక వంశవృక్షం ఉన్నాయని 1887లో వెలువడిన గ్రంథంలో వాదించాడు. పూర్వం బలవంతులు తమ గుణాలకే మంచి అని పేరు పెట్టుకున్నారట. ఎదురు తిరుగలేని బలహీనులు ఆ పగను లోలోపల అణచుకొని, అణచుకొని, చివరకు తమ అశక్తతకే సాధుత్వమని, తమ భయానికే వినయమని, ప్రతీకారం తీర్చుకోలేకపోవడానికే క్షమ అని పేర్లు మార్చారట. అంటే మనం గౌరవించే నీతి అడుగున కుళ్లిన పగ దాగి ఉన్నదని ఆయన ఆరోపణ.

ఇక్కడ రెండు మాటలు చెప్పక తప్పదు. మొదటిది, ఈయనను తిట్టేవారిలోనూ పొగిడేవారిలోనూ చదివినవారు తక్కువ. దేవుని మరణాన్ని ప్రకటించినవాడని ఒక్కమాటలో ముద్రవేస్తారు. 1882 నాటి గ్రంథంలో ఆ ప్రకటన చేసేది పట్టపగలు లాంతరు పట్టుకొని సంతలో దేవుని కోసం వెదకుతున్న ఒక ఉన్మత్తుడు. చుట్టూ ఉన్నవారు అతనిని చూసి నవ్వుతారు. దానిలో విజయోత్సాహంకన్న వేదనే ఎక్కువ వినిపిస్తుంది. రెండవది, శక్తిసంకల్పం పేరుతో ప్రచారంలోనికి వచ్చిన పుస్తకం ఆయన పూర్తిచేసినది కాదు. ఆయన మరణానంతరం 1901లో సోదరి ఎలిజబెత్ పర్యవేక్షణలో, ఆయన విడిచిన చిత్తుప్రతులనుండి కూర్చబడినది. ఆ సోదరిని దర్శించడానికి 1934లో హిట్లర్ వైమార్ నగరానికి వెళ్లాడు. తత్త్వం ఎవరి చేతిలో పడుతుందో చూచుకోవలసిన బాధ్యత తత్త్వవేత్తకు ఉన్నదా అన్నది వేరే విచారణ. దానిని మరొకనాడు చూద్దాం.

మన దేశంతో ఆయనకు సంబంధం లేకపోలేదు. చిన్ననాటి సహాధ్యాయి పాల్ డాయిసన్ శంకరవేదాంతం మీద 1883లో ఒక గొప్ప గ్రంథం వ్రాశాడు. నీషే ఆ మిత్రుని పాండిత్యాన్ని తన పుస్తకంలో ప్రశంసించాడు. 1888లో ఫ్రెంచి అనువాదంలో మనుస్మృతిని చదివి అందులోని హెచ్చుతగ్గుల వ్యవస్థను ఎంతగానో మెచ్చుకున్నాడు. ఉపనిషత్తులు చెప్పిన సమదృష్టి ఆయనకు అంతగా రుచించలేదు, అధికారక్రమం రుచించింది. మనలో చాలామంది శాస్త్రాలను చదివే తీరు కూడా ఇదే గనుక ఆయనను ఎక్కువగా నిందించే హక్కు మనకు లేదు.

ఇక మన ఇంటికి వద్దాం. బలమే ధర్మమన్న వాదం మనకు కొత్తదా? కానేకాదు. మన పురాణకర్తలు ఆ వాదాన్ని దాచలేదు, దానికి సింహాసనం వేసి కూర్చోబెట్టి మరీ మాట్లాడించారు. అతని పేరు హిరణ్యకశిపుడు. తెలుగువారికి ఇట్టి పాత్రలపై లోపల ఒక ఇష్టం కూడా ఉన్నది. 1967లో వచ్చిన భక్తప్రహ్లాద చిత్రంలో ఎస్.వి. రంగారావుగారు గద భుజాన వేసుకొని నడిచివస్తుంటే, చూడవచ్చినది బాలభక్తుని కథ అని మరచిపోయినవారు ఎందరో. 1977లో దానవీరశూరకర్ణలో రామారావుగారి సుయోధనుడు పలికిన సంభాషణలు ఊరూరా మైకుల్లో మ్రోగాయి. కృష్ణునిగా కూడా ఆయనే నటించినా జనానికి నోటికి వచ్చినవి సుయోధనుని మాటలే! ఇది జనుల పాపబుద్ధి అని మేము అనము. వంగని సంకల్పాన్ని చూస్తే మనిషికి గౌరవం కలుగుతుంది. తన జీవితంలో అడుగడుగునా వంగవలసి వచ్చినవానికి మరీ కలుగుతుంది. నీషే చెప్పినదానిలోని సత్యాంశం అదే.

భాగవతం సప్తమస్కంధంలోని హిరణ్యకశిపుని జాగ్రత్తగా గమనించండి. అతడు మూర్ఖుడు కాడు. తమ్ముడు హిరణ్యాక్షుడు వరాహమూర్తి చేతిలో హతుడైనపుడు తల్లి దితి విలపిస్తుంటే, ఆమెను ఓదారుస్తూ అతడు చెప్పినది అచ్చమైన వేదాంతం. ఆత్మ నిత్యమని, దేహసంబంధాలు చలివేంద్రం దగ్గర కలుసుకున్న బాటసారుల వంటివని బోధించాడు. ఉశీనరదేశపు రాజు సుయజ్ఞుడు యుద్ధంలో మరణిస్తే, యముడే బాలుని రూపంలో వచ్చి బంధువుల శోకాన్ని పోగొట్టిన ఉపాఖ్యానం చెప్పాడు. ఆ బాలుడు చెప్పిన కథలో ఒక వేటగాడు, ఒక పక్షుల జంట. వేదాంతం చెప్పగలవాడు ఏనాడూ దుర్మార్గుడు కాలేడని మీరు అనుకుంటున్నారా? ఆ తల్లికి ఆత్మ నిత్యత్వం బోధించిన ఆ నోటితోనే అతడు అంతకుముందే దానవులను పిలిచి, యజ్ఞాలను ధ్వంసం చేయండి, గోవులున్న చోటులను, ఆశ్రమాలను తగులబెట్టండి అని ఆజ్ఞాపించి పంపాడు. జ్ఞానం నాలుక దగ్గర ఆగిపోతే ఇట్లాగే ఉంటుంది. ఉపన్యాసాలు చెప్పే మాబోటివారు ఈ ఘట్టాన్ని ఏటా ఒకసారైనా చదువుకోవాలి.

తరువాత తపస్సు. మందరపర్వతపు లోయలో కాలిబొటనవ్రేలిపై నిలిచి, చేతులు పైకెత్తి, శరీరమంతా పుట్టలు పట్టి చీమలు తినివేస్తున్నా చలించలేదు. సంకల్పబలానికి ఇంతకన్న ఉదాహరణ ఏ దేశపు గ్రంథంలోనూ దొరకదు. బ్రహ్మ దిగివచ్చి కమండలజలం చల్లి వరమడుగమన్నాడు. ఏమి అడిగాడు? ఇంటిలోపల చావరాదు, వెలుపల చావరాదు. పగలు వద్దు, రాత్రి వద్దు. నేలమీద కాదు, ఆకాశంలో కాదు. నరునిచేత, మృగంచేత, దేవతచేత, అసురునిచేత, ఆయుధంచేత మరణం రారాదు. ఒక్కసారి ఆలోచించండి. ముల్లోకాలను వణికించిన తపస్సుకు ఫలంగా అతడు కోరినవాటిలో అత్యధికభాగం “వద్దు” అనేవే. ఏకచ్ఛత్రాధిపత్యం చివర అడిగాడు. ముందు అడిగినదంతా చావు వచ్చే తలుపులు ఒక్కొక్కటే మూయించుకోవడం. చెట్టంత మనిషి గుండెలో పసిపిల్లవానికి కూడా లేనంత భయం. దానికి తోడు తమ్ముని చంపినవానిపై పగ.

నీషే పగనూ భయాన్నీ బలహీనుల గుండెలో చూశాడు. మన పురాణకర్త వాటిని చక్రవర్తి గుండెలో చూశాడు. ఈ భేదం చాలా ముఖ్యమైనది. బలవంతుడు తన సహజశక్తి పొంగులో విలువలను సృష్టిస్తాడని ఆ తత్త్వవేత్త ఊహ. వాస్తవంలో మనం చూచిన నియంతలందరూ ఎట్లా ఉన్నారు? నిద్రపట్టక, భోజనం వేరొకరు రుచి చూడందే ముట్టక, పక్కనున్నవానిని నమ్మలేక బ్రతికినవారు కోకొల్లలు. హిరణ్యకశిపుడు ఐదేళ్ల కొడుకును చూసి భయపడ్డాడు. పాములతో కరిపించాడు, ఏనుగులతో తొక్కించాడు, కొండలపైనుండి త్రోయించాడు, విషం పెట్టించాడు. నిజమైన బలం ఉన్నవానికి ఇంత పని ఎందుకు?

అసలు ఆ బాలుడు చేసిన నేరం ఏమిటి? శుక్రాచార్యుని పుత్రులైన చండామార్కులు అతనికి రాజనీతి నేర్పారు. సామ దాన భేద దండోపాయాలు, ఎవరు మిత్రుడు, ఎవరు శత్రువు, ఏది మనది, ఏది పరులది, ఇవన్నీ ఆ చదువులోని పాఠాలు. ప్రహ్లాదుడు వాటిని నేర్చుకోలేదని కొందరు అనుకుంటారు. శ్రద్ధగా విని, తిరిగి ఒప్పగించాడు కూడా. కాని తనది, పరులది అనే భ్రమపై నిలిచిన ఆ విద్య అతని మనస్సుకు మంచిదిగా తోచలేదు. విలువలను ప్రశ్నించడమంటే ఇదే గదా! ఆ సభలో తండ్రిమాట ధర్మం, గురువుమాట ధర్మం, రాజుమాట ధర్మం. మూడూ ఒక్క సింహాసనంనుండే వస్తున్నాయి. ఆ మూడింటినీ ఒక పసివాడు ప్రశ్నించాడు. కనుక ప్రశ్నించే పిల్లవానిని చూసి భయపడనవసరం లేదని, భాగవతంలో మనం పూజించేది అట్టి పిల్లవానినేనని తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. అతడు తండ్రిని ఏకవచనంలో తూలనాడలేదు, గురువులను ఎగతాళి చేయలేదు. అడిగినదానికి, తనకు తెలిసిన సత్యం, చేతులు జోడించి చెప్పాడు. అదే తండ్రికి మరింత కోపం తెప్పించింది.

కోపం పతాకస్థాయికి చేరినపుడు హిరణ్యకశిపుడు వేసిన ప్రశ్న ఈనాటి మన ఉపన్యాసానికి ప్రాణం. నేను కోపిస్తే ముల్లోకాలూ వణుకుతాయి, నీవు ఎవరి బలం చూసుకొని నా ఆజ్ఞను మీరుతున్నావు అని అడిగాడు. శక్తిసంకల్పవాది లోకాన్ని చూచే చూపు ఇదే. ఎదిరించినవాని వెనుక ఇంకొక పెద్ద బలం ఉండి తీరాలి, లేకపోతే ఎదిరించడం అసంభవం. ఎవరో ఒక శత్రురాజు పేరు వినిపిస్తుందని అతడు ఎదురుచూశాడు. ప్రహ్లాదుడు చెప్పినది వేరు. నాకు ఏది బలమో నీకూ అదే బలం, బలవంతులందరికీ అదే బలం, బ్రహ్మ మొదలుకొని గడ్డిపరక వరకు అదే నడిపిస్తున్నది అన్నాడు. ఈ సమాధానంలోని సౌందర్యం చూడండి. నా దేవుడు నీకన్న బలవంతుడని చెప్పలేదు. నీ చేయి పైకి లేచినదంటే ఆ లేపిన శక్తీ ఆయనదే అన్నాడు. ఆ తరువాత, దిక్కులన్నీ జయించాననుకుంటున్నావు గాని, నీ లోపల నిన్ను దోచుకుంటున్న ఆరుగురు దొంగలను జయించలేదు, జయింపబడని మనస్సుకన్న వేరే శత్రువు లేడు అని చెప్పాడు. తనను తాను జయించడమే గొప్ప అని నీషే కూడా పలుచోట్ల వ్రాశాడు. ఆ ఒక్క మెట్టు దగ్గర ఇద్దరూ దాదాపు ఒకరికొకరు ఎదురుపడతారు. జయించిన తరువాత ఆ శక్తిని ఎవరిదనుకోవాలన్న దగ్గర వేరైపోతారు.

మన మండలంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. వీర్లపాలెం దగ్గర 2015లో శంకుస్థాపన జరిగిన విద్యుత్కేంద్రానికి మన స్వామి క్షేత్రనామమే యాదాద్రి అని పెట్టారు. ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లు, మొత్తం 4000 మెగావాట్ల సామర్థ్యంతో దానిని రూపొందించారు. 2024 డిసెంబరులో తొలి యూనిట్ జాతికి అంకితమైంది. అక్కడ పనిచేసే ఇంజనీర్లను అడిగితే చెబుతారు. ఆవిరి తాకిడికి టర్బైన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. దానిని ఆ వేగంలో నిలిపి ఉంచేది, అది మోస్తున్న భారం. ఊళ్లకు వెళ్లే కరెంటు లైను హఠాత్తుగా తెగి భారం తొలగిపోతే, చక్రం మరింత వేగంగా తిరిగి తన్ను తానే ముక్కలు చేసుకునే ప్రమాదం ఉన్నది. అందుకే తక్షణం ఆవిరిని ఆపివేసే గవర్నరు అనే సాధనం పెడతారు. ఇతరుల కోసం ఏ భారమూ మోయని శక్తి హిరణ్యకశిపునిది. ఆపే సాధనాన్ని అతడే వరంగా అడిగి తీసివేయించుకున్నాడు. పోలిక ఇంతవరకే. టర్బైనుకు అహంకారం లేదు పాపం!

ఇప్పుడు పిల్లలు అడిగిన అసలు ప్రశ్నకు వద్దాం. ప్రహ్లాదుని వినయం బలహీనుని మారువేషమా? దీనిని పరీక్షించడానికి మార్గం ఉన్నది. అణచుకున్న పగ అయితే, అధికారం చేతికి వచ్చిన క్షణంలో బయటపడుతుంది. స్తంభం పగిలింది, స్వామి ఆవిర్భవించాడు, సంధ్యాసమయంలో గడపమీద, తొడపై వేసుకొని గోళ్లతో హిరణ్యకశిపుని చీల్చాడు. అతడు మూయించుకున్న తలుపుల నడుమ ఉన్న సందులన్నీ స్వామికి సరిపోయాయి. అయినా కోపం చల్లారలేదు. బ్రహ్మాదులు దూరాన నిలిచి స్తుతించారు. లక్ష్మీదేవి సైతం దగ్గరకు పోవడానికి జంకింది. అపుడు బ్రహ్మ ప్రహ్లాదుని పంపాడు. ఆ బాలుడు భయం లేకుండా వెళ్లి పాదాలపై పడ్డాడు. స్వామి చేయి అతని శిరస్సుపై నిలిచింది. వరం కోరుకొమ్మన్నాడు.

ఆ క్షణంలో అతడు ఏమి అడిగి ఉండవచ్చునో ఊహించండి. తనను హింసించిన భటులున్నారు, విషం పెట్టినవారున్నారు, మంత్రప్రయోగం చేసిన గురువులున్నారు. ఒక్కరి పేరు ఎత్తలేదు. ప్రతిఫలం కోరి సేవించేవాడు సేవకుడు కాడు, వర్తకుడు అన్నాడు. ఇచ్చి తీరుతానంటే, నా హృదయంలో కోరిక అనేది మొలకెత్తకుండా ఉండేట్లు వరమిమ్మన్నాడు. అటుపై తండ్రిని గురించి అడిగాడు. నిన్ను ద్వేషించిన నా తండ్రి ఆ దోషంనుండి పవిత్రుడు కావాలి అని. స్వామి, నీ తండ్రి ఒక్కడే కాదు, ఇరువదియొక్క తరాలవారు పవిత్రులైనారు అని అనుగ్రహించాడు. అంతకుముందు స్తుతిలో ఇంకొక మాట ఉన్నది. సంసారభారంలో పడి కొట్టుకుంటున్న ఈ దీనులను విడిచి నేనొక్కడినే ముక్తి పొందాలని కోరను అన్నాడు. తండ్రి అడిగిన వరాలపట్టికను, కొడుకు అడిగిన వరాలను పక్కపక్కన పెట్టి చూడండి. వీరిలో భయపడినవాడెవడు, నిండుకుండలా ఉన్నవాడెవడు? నీషే ఆరోపణ ప్రహ్లాదునికి అంటదు.

కాని మనకు అంటుతుందేమో! ఇక్కడే మేము కొంచెం కటువుగా మాట్లాడవలసి ఉన్నది. మన జిల్లా చరిత్ర చూద్దాం. నిజాం కాలంలో ఈ నల్లగొండ జిల్లాలో వెట్టి ఉండేది. దొర గడీకి చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, గొల్ల, ప్రతి కులంవారు కూలి లేకుండా చాకిరీ చేయాలి. పంట పండించినవాడు దొర ఎదుట చెప్పులు చేతబట్టుకొని, నీ బాంచన్ కాల్మొక్త అనాలి. పరాయివాడు చూస్తే ఎంత వినయవంతులు ఈ ప్రజలు అనుకునేవాడు. అది వినయమా? కాదు, భయం. ఆ భయానికి కర్మఫలమని, ఓర్పు అని, ధర్మమని పేరుపెట్టి చెప్పినవారు ఆనాడు ఉన్నారు. అట్టివారి విషయంలో నీషే మాట అక్షరాలా నిజం. మన ధర్మశబ్దాన్ని దొర గడీకి కాపలా పెట్టడం నరసింహస్వామి భక్తులు చేయదగిన పని కాదు.

ఆంధ్రమహాసభ ఆ జనానికి మొదట నేర్పినది తల ఎత్తి ప్రశ్నించడం. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంట దొర మనుషులకు ఇవ్వనని నిలబడింది. కడివెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలి అయినాడు. ఆ రెండు ఊళ్లూ అప్పుడు నల్లగొండ జిల్లాలోనివే. అక్కడినుండి సాయుధపోరాటం 1951 అక్టోబరు వరకు సాగింది. ఆ పోరాటమార్గంలోని హింసను గురించి పెద్దలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. రెండువైపులా రక్తం చిందింది, చనిపోయినవారిలో నిరపరాధులున్నారు. దానిని మేము కీర్తించము. కాని ఐలమ్మ చూపిన ఆ “ఇవ్వను” అనే మాట, రాజసభలో ప్రహ్లాదుడు పలికిన మాటకు దూరపుచుట్టం కాదని చెప్పగలమా? అధికారం ధర్మంగా చెలామణి అయినపుడు దానిని కాదనడం కూడా భక్తిలో భాగమేనని సప్తమస్కంధం మనకు నేర్పుతున్నది.

అదే జిల్లాలో, అదే 1951లో, ఏప్రిల్ 18న మరొకటి జరిగింది. శివరాంపల్లి సర్వోదయ సమావేశం తరువాత వినోబాభావే కాలినడకన పోచంపల్లి చేరారు. అక్కడి నలభై హరిజన కుటుంబాలవారు, మాకు ఎనభై ఎకరాలు ఉంటే చెమటోడ్చి బ్రతుకుతాం అన్నారు. వినోబా ఆ మాటను సభలోనే ఊరివారి ముందు ఉంచారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి నూరు ఎకరాలు ఇస్తానన్నారు. తుపాకి లేదు, చట్టం లేదు, వరం ఇచ్చే దేవుడు ప్రత్యక్షం కాలేదు. ఒక మనిషి తన సంకల్పంతో తన అధికారాన్ని కొంత విడిచిపెట్టాడు. శక్తిసంకల్పమే ప్రాణిస్వభావమైతే ఈ చర్య ఏ ఖాతాలో వ్రాయాలి? నీషే అనుయాయి, ఇవ్వడం కూడా బలవంతుని వైభవమే అంటాడు. అననీయండి, అందులో తప్పు లేదు. భూదానంలో తరువాత వచ్చిన భూములన్నీ ఇట్టివి కావన్నది కూడా నిజమే. సాగుకు పనికిరానివి ఎన్నో వచ్చాయి, పంచకుండా మిగిలినవీ ఎన్నో. ఇచ్చేవాని మనస్సు మొదటినాటిదైతేనే ఆ దానం నిలుస్తుంది.

వాడపల్లి వెళ్లినవారు రెండు విషయాలు చూసే ఉంటారు. నరసింహస్వామి గర్భాలయంలో రెండు దీపాలు. స్వామి ముఖం ఎత్తున ఉన్నది సన్నగా కదులుతూ ఉంటుంది, క్రింద ఉన్నది నిశ్చలంగా ఉంటుంది. పై దీపానికి స్వామి ఉచ్ఛ్వాసనిశ్వాసాలు తగులుతున్నాయని భక్తుల నమ్మకం. హిరణ్యకశిపుని చీల్చినపుడు ప్రళయమారుతంలా వీచిన ఆ శ్వాస, ఇక్కడ ఒక చిన్న దీపాన్ని ఆర్పకుండా కదిలించేంత సుకుమారమైనది. ఇక అగస్త్యేశ్వరుని శిరస్సుపై ఒక గుంట, అందులో నీరు. బోయవాడు తరిమిన పక్షి శివుని శరణు జొచ్చిందని, ఆకలితో ఉన్న బోయవానికి పక్షిని ఇవ్వలేక, అతనిని కాదనలేక, స్వామి తన శిరస్సునుండే మాంసం తీసుకొమ్మన్నాడని, ఆ గాయం కడగడానికి గంగ వచ్చిందని స్థలపురాణం. వేటాడేవాని ఆకలినీ, వేటాడబడేదాని ప్రాణాన్నీ రెంటినీ తన తలపై మోసిన సర్వశక్తిమంతుని కథ ఇది. మేము ఎన్నిసార్లు చెప్పినా ఈ కథ దగ్గర మా గొంతు కొంచెం తడబడుతుంది.

ప్రహ్లాదుని కథలో చాలామంది మరచిపోయే ముగింపు ఉన్నది. అతడు అడవికి పోలేదు. స్వామి అతనిని దానవులకు రాజుగా నియమించాడు, బ్రహ్మ, శుక్రుడు మొదలైనవారు పట్టాభిషేకం చేశారు. ఏ సింహాసనంనుండి తనకు మరణశిక్షలు వచ్చాయో ఆ సింహాసనంపైనే కూర్చొని ఒక మన్వంతరకాలం పాలించాడు. కనుక అధికారమే పాపమని మన శాస్త్రం చెప్పలేదు.

అయినా సమస్య అక్కడితో తీరిపోలేదు సుమా! అతని కొడుకు విరోచనుడు. ఛాందోగ్యోపనిషత్తులో ఇంద్రునితో కలిసి ప్రజాపతి దగ్గర ఆత్మవిద్యకు వెళ్లినవాడు ఇతడే. నీటిలో కనిపించే అలంకృతదేహమే ఆత్మ అనుకొని, అది చాలునని తృప్తిపడి తిరిగివచ్చి, తనవారికి ఆ దేహపూజనే ఉపదేశించాడు. అంతటి తండ్రికి పుట్టినవాడు తాత దారికే మళ్లాడు! ఆ విరోచనుని కొడుకు బలి. మళ్లీ ముల్లోకాల జయం, మళ్లీ ఇంద్రపదవి. ఈసారి స్వామి గోళ్లతో రాలేదు, గొడుగు పట్టుకొని మూడడుగుల నేల అడుగుతూ వచ్చాడు. శుక్రాచార్యుడు పక్కకు పిలిచి, వచ్చినవాడు విష్ణువు, సర్వం పోతుంది, ఇట్టి సందర్భాలలో అసత్యం దోషం కాదని నీతిశాస్త్రమంతా విప్పి చెప్పాడు. గురువే విలువలను సడలించి చూపుతున్నాడు, అదీ శిష్యుని క్షేమం కోసం. బలి అంతా విన్నాడు.  ఇస్తానన్న మాట మీద నిలబడి, భార్య వింధ్యావళి నీరు తెచ్చి అందిస్తే, ఆ వటువు పాదాలు కడిగాడు. ముత్తాత హిరణ్యకశిపుడు బ్రహ్మను అడిగిన ఏకచ్ఛత్రాధిపత్యం నాలుగవ తరంలో ఈ విధంగా ధారాదత్తమైంది. పాశాలతో బంధింపబడిన ఆ మనుమని చూడడానికి వృద్ధుడైన ప్రహ్లాదుడు స్వయంగా వచ్చాడు. ఆ తాతామనుమల సంభాషణ రేపటి సాయంకాలం చెప్పుకుందాం. స్వామివారికి హారతి వేళ అయినది.